రోగి ఏమి ఒప్పుకున్నాడు? ఒక నర్సు ఉత్తరాలలో ఇంగ్లీషు క్రియల తికమక

“ద పేషెంట్ అడ్మిటెడ్ ఆన్ మండే అండ్ ఆపరేటెడ్ ఆన్ ట్యూస్‌డే.” నా దగ్గర ఇంగ్లీషు రాత నేర్చుకున్న ఒక నర్సు నాకు రాసి ఇచ్చిన మొదటి ఉత్తరంలో రెండవ వాక్యం ఇది. మన ఆసుపత్రులలో ఏ డాక్టరు చదివినా, ఏ నర్సు చదివినా, రోగి సోమవారం ఆసుపత్రిలో చేరాడనీ మంగళవారం అతనికి ఆపరేషన్ జరిగిందనీ తడుముకోకుండా అర్థం చేసుకుంటారు. ఇదే వాక్యం బ్రిటన్‌లోని ఒక డాక్టరు చేతికి వెళితే, రోగి సోమవారం ఏదో ఒప్పుకున్నాడనీ, మంగళవారం తానే కత్తి పట్టి ఎవరికో ఆపరేషన్ చేశాడనీ చదువుకోవలసి వస్తుంది. ఆయన అసలు సంగతిని ఊహించి సర్దుకుంటారు, నిజమే. అయితే ఒక రోగి బాధ్యతను అప్పగించే ఉత్తరాన్ని ఊహించి చదువుకోవలసి రావడమే పెద్ద లోపం.

ఆమె పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, జీఎన్‌ఎం అనే మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా పూర్తి చేసి, విజయవాడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరేళ్లుగా మెడికల్ వార్డులో పనిచేస్తున్నారు. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావడానికి అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ అంగీకరించే పరీక్షలలో ఒకటైన ఓఈటీకి (వైద్య రంగంలో పనిచేసేవారి కోసం పెట్టే ఇంగ్లీషు పరీక్షకు) ఆమె సిద్ధమవుతున్నారు. ఆ పరీక్షలో చదవడం, వినడం, మాట్లాడడం అనే మూడు విభాగాలలో 350 చొప్పున, రాయడంలో 300 స్కోరు రావాలి. రాత విభాగానికి ఇచ్చే సమయం 45 నిమిషాలు. అందులో మొదటి 5 నిమిషాలు రోగి వివరాలుండే కేస్ నోట్స్ చదువుకోవడానికి, మిగిలిన 40 నిమిషాలు సుమారు 180 నుంచి 200 పదాల ఉత్తరం రాయడానికి. ఆ ఉత్తరం రోగిని మరొకరికి అప్పగించేదో, ఇంటికి పంపుతూ రాసేదో, వేరే నిపుణుని వద్దకు పంపేదో అయి ఉంటుంది. ఆమె అప్పటికే ఒకసారి పరీక్ష రాసి, మూడు విభాగాలు దాటి, రాతలో ఆగిపోయి నా దగ్గరికి వచ్చారు.

మొదటి ఉత్తరంలో క్రియలకు సంబంధించిన తప్పులు 11 లెక్క తేలాయి. స్పెల్లింగు తప్పులు లేవు, వైద్య పదజాలం నాకంటే ఆమెకే బాగా తెలుసు, విషయాన్ని ఎంచుకోవడంలోనూ పొరపాటు లేదు. తప్పులన్నీ క్రియల దగ్గరే, అదీ ఎక్కువగా ఒక క్రియకు బదులు దాని పక్కింటి క్రియను వాడడం దగ్గరే వచ్చాయి.

నేను చేసిన మొదటి పొరపాటు

ఏళ్ల తరబడి నా దగ్గర ఒక జాబితా ఉండేది. ఎడమ వైపు ఒక క్రియ, కుడి వైపు దాన్ని పోలిన మరో క్రియ, మధ్యలో తెలుగు అర్థం, ఇలా 40 జంటలు. ఏ విద్యార్థి వచ్చినా మొదటి వారమే దాన్ని చేతిలో పెట్టి బట్టీ పట్టమనేదాన్ని. ఆమెకూ అలాగే ఇచ్చాను. నైట్ డ్యూటీలలో దొరికిన ఖాళీలో కూర్చుని ఆమె మొత్తం అప్పజెప్పారు. రెండు వారాల తరువాత రాసిన ఉత్తరంలో తప్పులు తగ్గకపోగా, అంతకు ముందు సరిగా రాసినవి కూడా చెడిపోయాయి. మొదటి ఉత్తరంలో “వాజ్ లైయింగ్ ఇన్ బెడ్” అని సరిగ్గా రాసిన మనిషి, రెండవ దానిలో “వాజ్ లేయింగ్ ఇన్ బెడ్” అని రాశారు. కారణం అడిగితే, “లై, లే రెండూ ఒకేసారి గుర్తొస్తున్నాయి మేడమ్, ఏదో ఒకటి పెట్టేశాను” అన్నారు.

లోపం బట్టీ పట్టినవారిది కాదని అప్పటికి నాకు బోధపడింది. ఒకదానిని ఒకటి పోలిన రెండు కొత్త మాటలను పక్కపక్కన పెట్టి ఒకే రోజు నేర్పితే, అవి విడివిడిగా కాక ఒక ముడిగా మనసులో పడతాయి. పైగా ఆ 40 జంటలు ఒకే జాతివి కావు. కొన్నింటిలో తికమకకు కారణం ఇంగ్లీషులో ఉంది, కొన్నింటిలో తెలుగులో ఉంది, మరికొన్నింటిలో మనం రోజూ మాట్లాడే ఆసుపత్రి తెలుగులో ఉంది. కారణం చూడకుండా అన్నింటికీ ఒకే మందు ఇవ్వడం ఏ వైద్యమూ కాదు.

జాబితాను పక్కన పెట్టి ఆమె చేత వేరే పని చేయించాను. ఉత్తరంలోని ప్రతి తప్పు వాక్యాన్నీ వార్డులో తోటి సిస్టరుకు డ్యూటీ అప్పజెబుతున్నట్టు తెలుగులో చెప్పమన్నాను. చెప్పింది చెప్పినట్టు నోటుబుక్కు ఎడమ పేజీలో, ఆమె రాసిన ఇంగ్లీషు వాక్యం కుడి పేజీలో పెట్టాము. ఒక్క గంటలో 11 తప్పుల మూలాలు ఆ ఎడమ పేజీలోనే కనిపించాయి.

అయ్యాడు, చేశారు

“పేషెంట్ సోమవారం అడ్మిట్ అయ్యాడు, మంగళవారం ఆపరేషన్ అయ్యింది, శనివారం డిశ్చార్జ్ అయ్యాడు.” ఎడమ పేజీలో మొదటి వాక్యం ఇది. ఇంగ్లీషు క్రియను తెచ్చుకున్నప్పుడు తెలుగు దానిని అలాగే వాడదు, వెనుక ‘అవు’ గాని ‘చేయు’ గాని తగిలిస్తుంది. డాక్టరు అడ్మిట్ చేస్తారు, రోగి అడ్మిట్ అవుతాడు. సిస్టరు షిఫ్ట్ చేస్తుంది, రోగి షిఫ్ట్ అవుతాడు. ఈ ఏర్పాటులో గందరగోళం ఏమాత్రం లేదు. చేసేవారు ఎవరో, ఎవరికి జరిగిందో ఆ చిన్న తోక చెబుతుంది. చిక్కు ఎక్కడంటే, ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆ తోక రాలిపోతుంది. ‘అడ్మిట్ అయ్యాడు’లో ‘అయ్యాడు’ పోయి ‘అడ్మిటెడ్’ మిగులుతుంది. దానితో రోగి కర్త అయి కూర్చుంటాడు.

ఇంగ్లీషులో ఈ క్రియలన్నీ ‘చేయు’ వైపువే. అడ్మిట్, డిశ్చార్జ్, రిఫర్, ఇవన్నీ ఎవరో ఎవరినో చేసేవి. చేయించుకున్న మనిషిని వాక్యం మొదట పెట్టాలంటే ‘వాజ్’ కావాలి: “వాజ్ అడ్మిటెడ్”, “వాజ్ డిశ్చార్జ్‌డ్”, “వాజ్ రిఫర్డ్”. ఆపరేషన్ సంగతికి వస్తే ‘ఆన్’ కూడా కావాలి: “వాజ్ ఆపరేటెడ్ ఆన్”. లేదంటే “అండర్‌వెంట్ సర్జరీ” అంటే సరిపోతుంది. ఉత్తరాలలో నాకు ఈ రెండవదే నచ్చుతుంది. కర్మణి వాక్యం తెలుగుకు సహజం కాదు, ‘చేర్చబడ్డాడు’ అని ఏ ఊళ్లోనూ ఎవరూ అనరు. అందువల్ల కర్మణి ప్రయోగం పాఠం చెప్పి లాభం లేదని తేల్చుకుని, ఒక్క సూత్రమే ఇచ్చాను: తెలుగులో ‘అయ్యాడు’ అని వస్తే, ఇంగ్లీషులో ఆ చోట ‘వాజ్’ వేసి చూడు.

ఈ ఒక్క సూత్రంతో 11 తప్పులలో నాలుగు తొలగాయి. అయితే వార్డులో ఆమె “డిశ్చార్జ్ అయ్యాడు” అంటూనే ఉన్నారు, నేను దిద్దలేదు. అది మంచి తెలుగు. దిద్దవలసింది ఉత్తరాన్ని.

లేచు, లేపు

‘లై–లే’, ‘రైజ్–రెయిజ్’, ‘సిట్–సెట్’ జంటలను ఇంగ్లీషు మాతృభాషగా గలవారే కలిపేస్తుంటారు. ముఖ్యంగా మొదటి జంటను మాటల్లో సరిగా వాడనివారు ఇంగ్లండులోనూ అమెరికాలోనూ లెక్కకు మిక్కిలిగా ఉన్నారు. తెలుగువారికి మాత్రం ఇవి నిజానికి సులువు కావాలి. మన భాషలో ఇలాంటి జంటలు అడుగడుగునా ఉన్నాయి: కాలు–కాల్చు, మారు–మార్చు, దిగు–దించు, మునుగు–ముంచు, నిండు–నింపు, తిరుగు–తిప్పు, ఆరు–ఆర్పు. ‘దీపం ఆరింది’, ‘అమ్మ దీపం ఆర్పింది’ అనే రెండింటినీ బడికి వెళ్లని పిల్ల కూడా కలపదు. మొదటిది తనంతట తాను జరిగేది, రెండవది ఎవరో చేసేది.

ఇంగ్లీషుకు పూర్వరూపమైన పాత జర్మానిక్ భాషలో కూడా సరిగ్గా ఇలాంటి ఏర్పాటు ఉండేది. క్రియకు ఒక ప్రత్యయం చేర్చి ‘అలా జరిగేట్టు చేయు’ అనే అర్థం తెచ్చేవారు. కాలక్రమంలో ప్రత్యయం అరిగిపోయింది, దాని వల్ల మారిన అచ్చు మాత్రం మిగిలింది. ‘సిట్’ కూర్చొను, ‘సెట్’ కూర్చోబెట్టు. ‘లై’ పడుకొను, ‘లే’ పడుకోబెట్టు. ‘ఫాల్’ పడు, ‘ఫెల్’ చెట్టును పడగొట్టు. ‘డ్రింక్’ తాగు, ‘డ్రెంచ్’ ఒకప్పుడు తాగించు, ఇప్పుడు తడిపి ముద్ద చేయు. ‘రెయిజ్’ మాత్రం స్కాండినేవియా వారి భాష నుంచి వచ్చి చేరింది గాని, పుట్టుకలో అదీ ఈ బాపతే. మనకు వందల కొద్దీ ఉన్న ఏర్పాటు వారికి నాలుగైదు శిథిలాలుగా మిగిలింది. ఇది విన్నాక ఆమె ముఖంలో వచ్చిన మార్పు నాకు గుర్తుంది. ఇంగ్లీషు క్లాసులో తెలుగు తెలిసి ఉండడం ఒక బలమని ఆమెకు ఎవరూ అంతకు ముందు చెప్పలేదు.

బీపీ పెరిగిందా, పెంచారా? పెరిగితే ‘రోజ్’, డోసు పెంచితే ‘రెయిజ్డ్’. ఆమె “బీపీ రెయిజ్డ్ టు 160” అని రాయడానికి ఒక కారణం ఉంది. కేస్ షీట్లలో ‘రెయిజ్డ్ బీపీ’ అనే మాట ఉంటుంది, అది సరైనదే. అక్కడ ‘రెయిజ్డ్’ క్రియ కాదు, ‘పెరిగి ఉన్న’ అనే విశేషణం. ఆ విశేషణాన్నే ఆమె క్రియగా ఎత్తి వాక్యంలో పెట్టారు. ఇది చూపించిన తరువాత ఆ తప్పు మళ్లీ రాలేదు.

‘లై–లే’ దగ్గర మాత్రం అర్థం తెలిసినా రూపాలు అడ్డం పడతాయి. పడుకొను అనే ‘లై’కి భూతకాలం ‘లే’, మూడవ రూపం ‘లెయిన్’. పడుకోబెట్టు అనే ‘లే’కి రెండూ ‘లెయిడ్’. అబద్ధమాడు అనే మరో ‘లై’ ఉంది, దానికి ‘లైడ్’. ఒకదాని భూతకాలం ఇంకొకదాని వర్తమానం కావడం ఏ భాషలోనైనా దురదృష్టమే. దీనికి తోడు మన చెవికి ‘లే’ అంటే లేవమని! పడుకోబెట్టమని ఇంగ్లీషు అంటుంటే తెలుగు లేవమంటుంది. ఈ వేళాకోళం వల్లనేమో గాని, ఆ పదం ఆమెకు ఆ తరువాత పట్టుబడింది. అయినా ఉత్తరాల మట్టుకు నా సలహా, ‘లై’కి భూతకాల రూపం వాడవలసిన అవసరం రాకుండా “వాజ్ లైయింగ్” అని రాసుకోవడమే. పరీక్ష గదిలో మూడు రూపాలను తలుచుకుంటూ కూర్చునే తీరిక ఉండదు.

ఇక్కడే నా రెండవ పొరపాటు జరిగింది. ‘తనంతట జరిగేది, ఎవరో చేసేది’ అనే విభజన ఆమెకు ఎంత బాగా ఎక్కిందంటే, అన్ని క్రియలనూ దానితోనే కొలవడం మొదలుపెట్టారు. మూడవ ఉత్తరంలో “హిస్ పెయిన్ వాజ్ ఇంక్రీజ్డ్” అని వచ్చింది. ‘వాజ్’ సూత్రం, ఈ విభజన కలిసి పుట్టించిన వాక్యమది. ఇంగ్లీషు చదువరికి అది ఎవరో పనిగట్టుకుని రోగి నొప్పిని పెంచారన్నట్టు ఉంటుంది. ఇంగ్లీషులో ఎక్కువ క్రియలకు ఈ విభజనే లేదని నేను ముందే చెప్పి ఉండవలసింది. మనం మారు–మార్చు అని రెండుగా అనేదాన్ని వారు ‘చేంజ్’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటారు. ఇంక్రీజ్, డిక్రీజ్, ఇంప్రూవ్, స్టాప్, బర్న్, బ్రేక్, హీల్, ఇవన్నీ రెండు వైపులా వాడే క్రియలే. నొప్పి ‘ఇంక్రీజ్డ్’, డోసు ‘వాజ్ ఇంక్రీజ్డ్’. గాయం ‘హీల్డ్’ అంటే మానింది.

‘హీల్’ వచ్చింది గనుక ‘ట్రీట్’, ‘క్యూర్’ల సంగతీ అక్కడే చూశాము. “ద ఊండ్ వాజ్ క్యూర్డ్” అని ఆమె రాశారు. గాయం మానుతుంది, జబ్బు నయమవుతుంది అని తెలుగు విడిగా చెబుతున్నది, ఆ తేడానే ఇక్కడ వాడుకుంటే చాలు. షుగరు వ్యాధికి ‘ట్రీట్’ చేస్తారు, ‘క్యూర్’ చేశామని ఏ నర్సూ ఉత్తరంలో రాయకూడదు.

ఇదే వారంలో ‘కొను’ గురించి కూడా చెప్పాను. నేర్చుకొను–నేర్పు, గుర్తుంచుకొను–గుర్తుచేయు, అప్పు తెచ్చుకొను–అప్పు ఇచ్చు. తన కోసం చేసుకునేదానికి తెలుగు ‘కొను’ చేరుస్తుంది. ‘కొను’ ఉంటే లెర్న్, రిమెంబర్, బారో. లేకుంటే టీచ్, రిమైండ్, లెండ్. “ప్లీజ్ రిమెంబర్ హిమ్ టు టేక్ హిస్ టాబ్లెట్స్” అన్న వాక్యాన్ని ఆమె స్వయంగా దిద్దుకున్నారు. పక్క వార్డు నుంచి తెచ్చుకున్న గ్లూకోమీటరు ‘బారోడ్’, మనం పక్క వార్డుకు ఇచ్చినది ‘లెంట్’. ‘బ్రింగ్–టేక్’ జంట నా జాబితాలో ఉన్నా, తీసుకురా, తీసుకెళ్లు అనే తేడా మనకు నాలుక మీదే ఉంది కనుక దాని జోలికి పోలేదు.

లేదు, వద్దు

ఈ కేసులో నాకు అత్యంత ముఖ్యమని తోచిన జంట ‘డినై–రిఫ్యూజ్’. నా పాత జాబితాలో రెండింటికీ ఎదురుగా ‘నిరాకరించు’ అని ఉండేది. ఆమె “ద పేషెంట్ రిఫ్యూజ్డ్ చెస్ట్ పెయిన్” అని రాశారు. ఎవరో ఛాతీ నొప్పిని పళ్లెంలో పెట్టి ఇస్తే రోగి వద్దన్నాడని దాని అర్థం. ఇంగ్లీషు ఆసుపత్రి రికార్డులలో “డినైస్ చెస్ట్ పెయిన్” అనడం పరిపాటి. రోగిని అడిగితే అలాంటి నొప్పి లేదన్నాడు అని భావం. మాత్ర వేసుకోనంటే ‘రిఫ్యూజ్డ్’.

ఈ రెండూ తారుమారైతే నష్టం భాషతో ఆగదు. ‘డినైడ్ మెడికేషన్’ అని రాస్తే, మందు వేసుకున్నట్టు ఒప్పుకోలేదు అనో, మందు ఇవ్వడానికి ఎవరో ఒప్పుకోలేదు అనో చదవవచ్చు. అసలు జరిగింది రోగి వద్దన్నాడు అన్నది.

నిఘంటువులోని ‘నిరాకరించు’ను వదిలి, రోగి నోట వచ్చిన మాటను గుర్తుచేసుకోమన్నాను. నొప్పి ఉందా అంటే ఏమన్నాడు? ‘లేదు’ అన్నాడు. మాత్ర వేసుకో అంటే ఏమన్నాడు? ‘వద్దు’ అన్నాడు. ‘లేదు’, ‘కాదు’ అయితే డినై, ‘వద్దు’, ‘చేయను’ అయితే రిఫ్యూజ్. ఇంగ్లీషువారు ఒక్క ‘నో’తో సరిపెట్టుకునే చోట లేదు, కాదు, వద్దు అని మూడు మాటలున్న మనకు ఇందులో పొరపడవలసిన అవసరమే లేదు. మధ్యలో ఒక సంస్కృత పదం అడ్డు నిలిచి ఆ తేడాను మూసేసింది. రోగి మర్యాదగా వద్దన్నప్పుడు ‘డిక్లైన్డ్’ అనడం మేలని కూడా చెప్పాను, ఎందుకంటే ‘రిఫ్యూజ్డ్’లో మొండితనం అనే తీర్పు కొంత ధ్వనిస్తుంది.

పడ్డాడు

“ద పేషెంట్ ఫెల్ట్ డౌన్ ఇన్ ద బాత్‌రూమ్.” బాత్‌రూములో రోగికి మనసు దిగాలుగా అనిపించిందని దీని అర్థం. ఆమె చెప్పదలచుకున్నది కాలు జారి పడ్డాడని. అదే ఉత్తరంలో మరో చోట “హి ఫెల్ వీక్” అని ఉంది. అంటే రెండూ అటుదిటు అయ్యాయి. ‘ఫాల్’కు భూతకాలం ‘ఫెల్’, ‘ఫీల్’కు ‘ఫెల్ట్’. ఇది స్పెల్లింగు పొరపాటని మొదట అనుకుని పదేసి సార్లు రాయించాను, ప్రయోజనం కనిపించలేదు.

ఎడమ పేజీ చూస్తే అసలు సంగతి తెలిసింది. ‘కింద పడ్డాడు’, ‘నీరసపడ్డాడు’, ‘బాధపడ్డాడు’, ‘కంగారుపడ్డాడు’. తెలుగులో ‘పడు’ అనే ఒక్క క్రియ శరీరం పడడానికీ, అనుభవం కలగడానికీ పనికి వస్తుంది. ఇంగ్లీషు ఈ రెండింటినీ ‘ఫాల్’, ‘ఫీల్’ అని విడదీసింది, వాటి భూతకాల రూపాలు మాత్రం అక్కచెల్లెళ్లలా ఉన్నాయి. పైగా ఆమె ఉచ్చారణలో ‘ఫెల్ట్’ చివర మన అలవాటు ప్రకారం ఒక ఉకారం చేరి ‘ఫెల్టు’ అవుతుండేది. ‘ఫెల్ టు ద ఫ్లోర్’ అన్నా అదే చప్పుడు.

పరిష్కారం ఒక్క ప్రశ్న: ‘ఎక్కడ పడ్డాడు?’ అని అడిగితే జవాబు వస్తుందా? బాత్‌రూములో, మెట్ల మీద, మంచం పక్కన అని వస్తే ‘ఫెల్’. ‘ఎక్కడ నీరసపడ్డాడు’ అని ఎవరూ అడగరు గనుక అక్కడ ‘ఫెల్ట్’. ‘ఫీలయ్యాడు’ అనే మాట గురించి కూడా హెచ్చరించవలసి వచ్చింది. మనం ‘ఆ మాటకు పేషెంట్ ఫీలయ్యాడు’ అంటే నొచ్చుకున్నాడని. ఇంగ్లీషులో ‘హి ఫెల్ట్’ అని ఆపేస్తే వాక్యం పూర్తి కాదు, ఏమి అనిపించిందో చెప్పాలి. ‘హి వాజ్ అప్‌సెట్’ అన్నది దానికి దగ్గర మాట.

చెప్పు, చూడు

ఇంతవరకు చూసిన చోట్ల తెలుగే దారి చూపింది, లేదా తెలుగులోని చిక్కును చూస్తే దారి దొరికింది. ‘చెప్పు’ దగ్గర అలా జరగలేదు. సే, టెల్, స్పీక్, ఇన్‌ఫార్మ్, ఎక్స్‌ప్లెయిన్, అడ్వైజ్, సజెస్ట్, రిపోర్ట్ అన్నింటినీ మనం ‘చెప్పు’తో నడిపించగలము. ‘డాక్టరుకి చెప్పాను’, ‘డాక్టరుతో చెప్పాను’. వినే మనిషి వెనుక ‘కి’ గాని ‘తో’ గాని తప్పనిసరి. ఆ విభక్తిని ఇంగ్లీషులోకి తెస్తే ‘టు’ అవుతుంది. ఆ ‘టు’ కొన్ని క్రియలకు కావాలి, కొన్నింటికి అసలు పనికిరాదు. “టోల్డ్ టు ద డాక్టర్” తప్పు, “ఎక్స్‌ప్లెయిన్డ్ ద డాక్టర్” తప్పు. ఒకచోట తీసివేయాలి, ఒకచోట చేర్చాలి, ఎందుకో చెప్పే కారణం ఏదీ తెలుగులో దొరకదు.

ఇక్కడ అర్థాల మధ్య తేడాలు వివరించడం మానేశాను. క్రియ తరువాత ఎవరు వస్తారు, ఎలా వస్తారు అన్నదే చూడమన్నాను. మనిషి నేరుగా వచ్చేవి టెల్, ఇన్‌ఫార్మ్, అడ్వైజ్. ‘టు’తో మనిషి వచ్చేవి సే, ఎక్స్‌ప్లెయిన్, మెన్షన్, రిపోర్ట్. ఒక్కొక్క గుంపుకు ఒక్కొక్క వారం, రెండూ ఒకే రోజు కలపకుండా. ఉత్తరంలో ‘సే’, ‘టెల్’ రెండూ లేకుండా గడిచిపోతుందని కూడా చూపించాను. రోగి చెప్పినది “రిపోర్టెడ్”, మనం బంధువులకు చెప్పినది “ఇన్‌ఫార్మ్‌డ్”, చేయమని చెప్పినది “అడ్వైజ్‌డ్”. ఈ మూడింటితో అలాంటి ఉత్తరాల పని చాలా వరకు జరుగుతుంది.

‘సజెస్ట్’ మాత్రం లొంగలేదు. ‘విశ్రాంతి తీసుకోమని సలహా ఇచ్చారు’ అనే వాక్యం ‘అడ్వైజ్‌డ్ హిమ్ టు రెస్ట్’కు అచ్చంగా సరిపోతుంది. ఆ అచ్చులోనే ‘సజెస్టెడ్ హిమ్ టు రెస్ట్’ అని పోతపోయడం మన దేశమంతటా వినిపించే ఇంగ్లీషు. చుట్టూ డాక్టర్లు, మేనేజర్లు, టీవీలో మాట్లాడేవారు అందరూ అలాగే అంటుంటే ఆ ఒక్క నర్సు చేత మాన్పించడం కష్టమే. ‘సజెస్ట్’ తరువాత మనిషి నేరుగా రాడు, “సజెస్టెడ్ దట్ హి రెస్ట్” అనాలి అని చెప్పిన ప్రతిసారీ ఒప్పుకున్నారు, రాసిన ప్రతిసారీ పాత అచ్చే వచ్చింది.

‘చూడు’ దీనికంటే తేలికగా గడిచింది. ‘బీపీ చూశాను’ అన్నదాన్ని ‘సా ద బీపీ’ అని ఆమె రాయలేదు, ‘చెక్డ్’ అనే మాట వార్డులో వాడుకలోనే ఉంది. రోగిని డాక్టరు చూడడం ‘ఎగ్జామిన్డ్’ అని, రాత్రంతా చూస్తూ ఉండడం ‘మానిటర్డ్’ అని చెప్పినదే ఆలస్యం, పట్టుకున్నారు. ‘చూశాను’, ‘చూస్తూ ఉన్నాను’ అని తెలుగులో ఉన్న తేడా ‘చెక్’, ‘మానిటర్’ల మధ్య తేడాకు దగ్గరగా ఉండడం అందుకు కారణమని నా అనుకోలు.

ఎనిమిదవ వారం

ఎనిమిదవ వారంలో ఆమె 45 నిమిషాల గడియారం పెట్టుకుని రాసిన ఉత్తరం నా ఫైలులో ఉంది. తుంటి ఎముక విరిగిన 72 ఏళ్ల కల్పిత రోగిని ఇంటికి పంపుతూ, కమ్యూనిటీ నర్సుకు రాసినది. “వాజ్ అడ్మిటెడ్”, “అండర్‌వెంట్ సర్జరీ”, “హిస్ టెంపరేచర్ రోజ్”, “ద డోస్ వాజ్ ఇంక్రీజ్డ్”, “డినైస్ ఎనీ డిజీనెస్”, “డిక్లైన్డ్ ద వాకింగ్ ఫ్రేమ్”, “ప్లీజ్ రిమైండ్ హిమ్”, అన్నీ ఉండవలసిన చోట ఉన్నాయి. మొదట్లో 11 ఉన్న తప్పులు రెండుకు దిగాయి. ఒకటి చివరి పేరాలో తొందరలో పడిన ‘డిస్కస్డ్ అబౌట్’ (‘డిస్కస్’ తరువాత ‘అబౌట్’ అక్కర్లేదు), రెండవది ఎదురుచూసిన ‘సజెస్టెడ్ హిమ్ టు’.

నా దగ్గరికి వచ్చాక రాసిన పరీక్షలో ఆమెకు రాత విభాగంలో 330 వచ్చింది. ఇందులో నా పద్ధతి వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం. అదే కాలంలో ఆమె ఉత్తరం మొదటి పేరాలోనే ఉద్దేశం చెప్పడమూ, అనవసరమైన కేస్ నోట్స్ వదిలేయడమూ నేర్చుకున్నారు, పరీక్షలో వాటికీ వేరుగా మార్కులున్నాయి. ఒక్క విద్యార్థిని కేసు ఇది. ఇంగ్లీషు మాధ్యమంలో చదివినవారి వద్ద ‘అయ్యాడు’ సూత్రం ఇంత సులువుగా పనిచేస్తుందా అన్నది నేను ఇంకా చూడలేదు. తెలంగాణ నుంచి వచ్చిన ఇద్దరితో ఇప్పుడు ఎడమ పేజీ మొదలుపెట్టాను, వారి మాటలో కొన్ని క్రియలు వేరుగా ఉండడం వల్ల ‘ఎక్కడ పడ్డాడు?’ లాంటి ప్రశ్నలను వారి చేతనే తయారు చేయిస్తున్నాను.

‘సజెస్ట్’ విషయంలో ఇద్దరం చివరకు ఒక ఒప్పందానికి వచ్చాము. ఉత్తరం పూర్తయ్యాక మిగిలిన రెండు మూడు నిమిషాలలో ఆమె ఇంకేదీ చదవరు. వేలితో పంక్తి పంక్తీ వెతికి, ‘సజెస్టెడ్’ కనిపించిన ప్రతి చోటా దాన్ని కొట్టివేసి పైన ‘అడ్వైజ్‌డ్’ అని రాస్తారు.